ఇంటింట వానపాముల తొట్టి వలయునా?



వంటయింటి తొక్కలను, పెరటి యాకులను వానపాములచే తినిపించి యెరువు చేసికొను తొట్టిని గూర్చి యిప్పుడు పట్టణములందును పల్లెలందును మాటలు వినబడుచున్నవి. ఏలూరిలో మేడలపై పూలకుండలు పెంచువారు దానిని కొని తెచ్చుకొనుచున్నారు. తాడేపల్లిగూడెపు మెట్ట యూళ్లలో తోటలు గలవారు దానిని గూర్చి విచారించుచున్నారు. కొల్లేటి యొడ్డున నున్న బంధువులు సైతము “అయ్యా, దానివలన నిజముగా లాభము కలదా? లేక యిదియు నొక నాలుగు నాళ్ల వేడుకయా?” యని నన్నడిగిరి. నేను వ్యవసాయ శాస్త్రజ్ఞుడను గాను. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. కొన్ని యేండ్లుగా మా పెరటిలో నట్టి తొట్టి నొకదానిని నడుపుచున్నవాడను. చదివినదానిని, చూచినదానిని కలిపి లెక్కతో సహా మీ ముందుంచెదను. తీర్పును ముందుగనే చెప్పుచున్నాను: ఈ తొట్టి యందఱికిని వలసినది కాదు, కొందఱికి మాత్రము చాల మేలు చేయును. ఆ కొందఱెవరో నిర్ణయించుకొనుటయే నేటి ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట నీ జీవి యెట్టిదో తెలిసికొందము. వానపాము పేరునకు మాత్రమే పాము. దానికి కోఱ లేదు, విషము లేదు, కన్నులు లేవు, చెవులు లేవు. అమరసింహుడు తన నిఘంటువున దీనికి మహీలత, గండూపదము, కించులకము అను పేళ్లు చెప్పెను. మహీలత యనగా భూమిలోని తీగ. అంతకంటె గమనింపదగిన సంగతి యొకటి కలదు. మట్టిలో బ్రదుకు నీ జీవిని అమరుడు వారివర్గమున, అనగా నీటికి సంబంధించిన పదముల నడుమ, జలగకు దగ్గఱగా చేర్చెను. బాల్యమున అమరము వల్లించునపుడు ఇదేమి చోద్యమని యనుకొనెడివారము. నేటి శాస్త్రము వానపామునకు ఊపిరితిత్తులు లేవనియు, అది చర్మముతోడనే గాలిని గ్రహించుననియు, ఆ చర్మము తడిగా నున్నంతవఱకే దానికి ఊపిరి యాడుననియు చెప్పుచున్నది. చర్మ మెండినచో అది చచ్చును. నీరు నిలిచి గాలి చొరకపోయినను చచ్చును. తొట్టిని నడుపు విద్య యంతయు నీ రెండు మాటలలో నిమిడియున్నది: తడి యాఱరాదు, నీరు నిలువరాదు.

వానపాములన్నియు నొక్క జాతివి కావు. మన చేలలోను గట్లలోను త్రవ్వినపుడు కనబడునవి మట్టిని తినుచు లోతున సంచరించునవి. వానిని తెచ్చి తొట్టిలో వేసినచో నిలువవు. తొట్టికి తగినవి పైపై చెత్తలోను, పాత పేడకుప్పలలోను బ్రదుకునవి. అట్టివానిలో ఐసీనియా ఫెటిడా యనునది చల్లని సీమలకు అలవాటుపడినది. యూడ్రిలస్ యూజీనియే యనునది పశ్చిమ ఆఫ్రికా నుండి వచ్చినది. పెరియోనిక్స్ ఎక్స్కవేటస్ అనునది మన ప్రాంతములదే. మన యెండలకు ఈ కడపటి రెండును మేలు. తొట్టిలోని పురుగులను తీసికొనిపోయి వరిచేలో వదలినచో చేను బలియునని కొందఱు చెప్పుదురు. ఆ మాటను నమ్మకుడు. చివికిన చెత్త లేని చోట, దమ్ము చేసి నీరు కట్టిన చోట ఆ జాతి బ్రదుకదు. చేలోని వానపాము వేఱు, తొట్టిలోని వానపాము వేఱు.

చేలోని వానపాముల మహిమను లోకమునకు చాటినవాడు ఇంగ్లండు దేశపు చార్లెస్ డార్విను. ఆయన వానపాములపై వ్రాసిన గ్రంథము 1881లో, అనగా ఆయన గతించుటకు ముందటి యేట, వెలువడెను. ఆ దేశమున పలుచోట్ల ఎకరమునకు ఏటికి పది టన్నులకు మించిన మన్ను వీని దేహములగుండ పోవుచున్నదని ఆయన లెక్కగట్టెను. వానిని కుండలలో పెట్టి పరీక్షించి, అవి ధ్వనిని వినలేవనియు, కుండను పియానోపై నుంచి వాయించినపుడు మాత్రము ఆ యదురునకు బెదరి లోనికి దూరుననియు కనుగొనెను. మన తొట్టిని సైతము విసరు తిరుగలి ప్రక్కనను, మోటారు ప్రక్కనను ఉంచరాదనుటకు ఇదియే ప్రమాణము.

ఇక నీ జీవి తొట్టిలో చేయు పనియేమి? దానికి దంతములు లేవు. సూక్ష్మజీవులు మెత్తబఱచిన తొక్కను మ్రింగి, కడుపులోని యిసుక రేణువుల నడుమ తిరుగలిలో వలె నలిపి, సన్నని గుళికలుగా విసర్జించును. ఆ గుళికలే మన యెరువు. ఇచ్చట నొక సత్యమును మనసున నుంచుకొనుడు. వానపాము క్రొత్తగా దేనిని సృష్టింపదు. అరటి తొక్కలో నున్న పొటాషియే యెరువులోనికి వచ్చును. తొక్కలో లేనిది రాదు. అది చేయునదెల్ల, మొక్క వెంటనే గ్రహింపలేని దానిని గ్రహింపదగినదిగా మార్చుట, నేలలో మేలు చేయు సూక్ష్మజీవులను పెంచుట, మట్టి గుల్లబారి తడిని నిలుపుకొనునట్లు చేయుట. ఇది చిన్న యుపకారము కాదు. అయినను ఇది యింద్రజాలము గాదు.

వానపాములు లేకయే మనవారు తరతరములుగా ఎరువు చేసికొనలేదా యని మీరు ప్రశ్నింపవచ్చును. చేసికొనిరి. కృషిపరాశరమను ప్రాచీన గ్రంథమున పేడకుప్పను మాఘమాసమున త్రవ్వి, ఎండబెట్టి, పొడిచేసి, ఫాల్గుణమున గోతులలో నింపి, విత్తుకాలమున చల్లవలెనని చెప్పబడియున్నది. ఇరువదవ శతాబ్దమున ఆల్బర్టు హోవర్డను ఆంగ్లేయుడు 1924లో ఇందోరునందు నెలకొన్న పరిశోధనాలయమున మన రైతుల పద్ధతులను, చీనావారి పద్ధతులను కలిపి చూచి, ఆకులు, గడ్డి, పేడ, పశువుల మూత్రముతో తడిసిన మన్ను, బూడిద పొరలు పొరలుగా పేర్చి తిరుగవేయు విధానమును నిలబెట్టెను. యశ్వంత్ వాడ్ అను తన సహచరునితో కలిసి 1931లో దానిని గ్రంథముగా ప్రకటించెను. దానికి ఇందోరు పద్ధతి యని పేరు. మూడు నెలలలో మేలైన యెరువు సిద్ధమగును. అయితే ఆ కుప్పకు నిలువెత్తు చెత్త వలయును, పశువులు వలయును, తిరుగవేయు బలముగల చేతులు వలయును. కుప్ప పెద్దదైనగాని లోపల వేడి పుట్టదు. వేడి పుట్టినగాని త్వరగా చివుకదు. నలుగురున్న యింట దినమునకు వచ్చు గుప్పెడు తొక్కలతో అట్టి వేడి యెన్నటికిని పుట్టదు. అవి మూలబడి కుళ్లి కంపుకొట్టును. ఆ కొద్దిపాటి చెత్తకే వానపాము తగినది. వేడి వలదు, తిరుగవేయుట వలదు, నిలువెత్తు కుప్ప వలదు. కావున వానపాముల తొట్టి పెంటదిబ్బకు పోటీ గాదు. పెంటదిబ్బ లేని యింటికి ప్రత్యామ్నాయము.

ఇప్పుడు లెక్కకు వత్తము. నలుగురున్న యింట కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, టీ పిప్పి కలిసి దినమునకు సుమారు అర కిలో యనుకొందము. ఏటికి 180 కిలోలు. అందు నాలుగు పాళ్లలో మూడు పాళ్లు నీరే. దానికి ఎండుటాకులు, కొంత పేడ చేర్చినపిదప చేతికి వచ్చు ఎరువు ఏటికి 50 మొదలు 60 కిలోలు. మంచి వానపాముల యెరువున నత్రజని నూటికి ఒకటి మొదలు రెండు పాళ్ల వఱకు నుండును. నడిమి లెక్కగా ఒకటిన్నర యనుకొన్నచో 60 కిలోలలో 900 గ్రాముల నత్రజని. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. కావున మన యేడాది శ్రమఫలము, నత్రజని వఱకు చూచినచో, రెండు కిలోల యూరియాకు సమానము. డెల్టాలో ఎకరము వరికి 30 కిలోలకు పైగా నత్రజని కావలెను. ఆ 30 కిలోలను ఈ యెరువుతోనే తీర్పవలెనన్నచో రెండు టన్నులు వలయును. ఇంటి తొట్టి ఏటికి 60 కిలోల వంతున నిచ్చినచో ఎకరము పొలమున ఒక్క పంటకు 33 ఏండ్లు పట్టును!

రూకలలోనికి మార్చి చూతము. కిలో యెరువు పది రూపాయలని పెట్టుకొన్నచో 60 కిలోలకు 600 రూపాయలు. అంగడిలో అమ్ము నాలుగంతస్తుల ప్లాస్టిక్ తొట్టికి కొన్ని వేలు పెట్టినవాడు ఆ వేలను తిరిగి రాబట్టుకొనుటకు ఏండ్లు కాచుకొని యుండవలెను. కావున, వరిచేను కొఱకు ఈ తొట్టి వద్దు. ధనార్జన కొఱకును వద్దు. ఈ విషయమున ఎవరైన మిమ్ము పెద్ద ఆశలు పెట్టి పురుగులను కిలోల లెక్కన అమ్మజూచినచో, ఈ లెక్కను వారి ముందు పెట్టి సమాధానమడుగుడు.

అట్లైన నీ 60 కిలోలు దేనికి? పెరటి పాదులకు, నారుమడికి, పూలకుండలకు. వంగ, మిరప, టమాట నారు పోయునపుడు మూడు నాలుగు పాళ్ల మన్నునకు ఒక పాలు ఈ యెరువు కలిపినచో మడి గుల్లగా నుండి నారు తేలికగా వేరూనును. ముప్పది కుండలు గల యింట కుండకు రెండు గుప్పిళ్లు, సుమారు 200 గ్రాములు, రెండు నెలల కొకమాఱు వేసినచో ఏటికి 36 కిలోలు చాలును. మిగిలినది కఱివేపచెట్టునకు, బీరపాదునకు సరిపోవును. ఇది మొక్కను మాడ్చదు. పసిపిల్లవాడు వేసినను హద్దుమీఱు భయము లేదు. చిన్న పెరటికి పెద్ద యెరువనిన నిదియే.

ఇచ్చట కొన్ని ఆక్షేపణలు వచ్చును. మొదటిది: పురుగులను ఇంట పెట్టుకొనుట యశుచి కాదా? ఆవుపేడతో వాకిలి యలుకు మనము ఈ మాట యనుట తగదు. చక్కగా నడచు తొట్టినుండి తొలకరి జల్లు పడిన మట్టి వాసనయే వచ్చును. దుర్గంధము వచ్చినదనిన అది పురుగుల దోషము గాదు. తడి యెక్కువైనదో, మేత యెక్కువైనదో యని తెలిసికొనవలెను. అయినను చేతిలో గాయమున్నవారు మట్టిని పేడను ముట్టరాదు, ధనుర్వాత భయము కలదు. పని ముగిసినపిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

రెండవది: చీమలు, పందికొక్కులు, వాని వెంట పాములు రావా? వచ్చును, కాచుకొననిచో తప్పక వచ్చును. పూర్వము పాలు పెరుగు పెట్టు అలమార కాళ్లక్రింద నీటి గిన్నెలుంచెడివారము. ఆ యుపాయమే దీనికిని. తొట్టిని నాలుగు కాళ్ల పీటపై నుంచి, కాళ్లక్రింద నీటి గిన్నెలు పెట్టి, మూడు దినముల కొకమాఱు ఆ నీరు మార్చవలెను. లేనిచో దోమలు పుట్టును. పైన సన్నని యినుప వలతో మూత వేయవలెను. కోళ్లు, కప్పలు, ముంగిసలు, పందికొక్కులు అందఱును వానపామునకు శత్రువులే.

మూడవది: మన యెండలకు అవి తాళునా? ఇది నిజముగా ఆలోచింపదగిన ప్రశ్నము. 35 డిగ్రీలు దాటిన వేడి తొట్టిలోనికి చొచ్చినచో పురుగులు నీరసించును. అంతకంటె మీఱినచో చచ్చును. రోహిణీకార్తెలో రోళ్లు పగులునన్న సామెత పుట్టిన దేశము మనది. కావున మేడమీద ఎండ తగులు చోట ప్లాస్టిక్ తొట్టి పెట్టుట పురుగులను ఉడికించుటయే. మామిడి నీడనో, తాటాకు పందిరి క్రిందనో, ఉత్తరపు గోడ ప్రక్కనో ఉంచి, పైన తడిపిన గోనెపట్టా కప్పవలెను. మట్టి గోలెము ప్లాస్టిక్ కంటె చల్లన. పశువులు పోయిన యిండ్లలో పగిలిన కుడితి గోలెములు ఊరక పడియున్నవి. అడుగున చిల్లులు కొట్టినచో అంతకంటె మేలైన తొట్టి లేదు. నూతికి వాడు సిమెంటు వర యొకటి యిటుకలపై నిలిపినను పని జరుగును. వేలు పెట్టి కొననక్కఱ లేదు.

మన మూడు ప్రాంతముల నేలలు వేఱు గనుక తొట్టి నుంచు తీరును వేఱు. కొల్లేటి కైకలూరు, మండవల్లి, ఆకివీడు వైపున నల్లమన్ను, త్రవ్వినంతనే నీరు. అచ్చట నేలలో గొయ్యి త్రవ్వి వానపాములను వేయువాడు తొలి వానకే వానిని ముంచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచెత్తిన నీరు తుదకు చేరవలసినది కొల్లేటికే గదా! ఆ సీమలో తొట్టి నడుమెత్తు అరుగుపై నుండవలెను. అడుగున కొబ్బరి డొక్కలు మందముగా పఱచి నీరు జాఱునట్లు చేయవలెను. తాడేపల్లిగూడెము మెట్ట ఎఱ్ఱనేలలలో కష్టము తలక్రిందులు. అచ్చట నీరు నిలువదు. తడి త్వరగా ఆఱును. చీమలు, చెదలు మెండు. అచ్చట తొట్టిని సగము నేలలో పాతి చల్లగా నుంచుకొనవచ్చును. అడుగున గట్టిగా ఇటుక పఱుపు వేయవలెను. ఏలూరు వంటి పట్టణమున పెరడు లేదు, పశువు లేదు. చెత్త మాత్రము కలదు. అచ్చటివారికే ఈ తొట్టి యెక్కువ యక్కఱ.

ఇక నడుపు విధానము సంగ్రహముగా చెప్పెదను. తొట్టి యడుగున ఇటుక ముక్కలో, కొబ్బరి డొక్కలో మూడంగుళములు పఱువుడు. దానిపై తడిపిన కొబ్బరి పొట్టు, తునకలుగా కోసిన యెండుగడ్డి జానెడు వేయుడు. దానిపై పదునైదు దినములు మాగిన పేడ నాలుగంగుళములు. పచ్చిపేడ వేయరాదు, అది వేడెక్కి పురుగులను చంపును. పిడికిలితో పిండినపుడు ఒకటి రెండు చుక్కలు మాత్రము రాలునంత తడి యుండవలెను. అప్పుడు పావు కిలో పురుగులను వదలుడు. మేలైన స్థితిలో అవి దినమునకు తమ బరువులో సుమారు సగము తినును గనుక, తొలినాళ్లలో దినమునకు నూఱు గ్రాములకు మించి మేత వేయకుడు. రెండు మూడు నెలలలో సంతానము పెరిగినకొలది మేత పెంచుడు. తొక్కలను సన్నగా తఱిగి ఒక మూల వేసి, ఎండుటాకులతో కప్పుడు. కప్పనిచో సన్న యీగలు ముసరును. నలువదియైదు మొదలు అఱువది దినములకు పైభాగము నల్లని టీ పొడివలె నగును. అప్పుడు నాలుగు దినములు నీరు చల్లుట మాని, గోనెపై వెలుతురులో కుప్ప పోసినచో పురుగులు వెలుతురునకు బెదరి అడుగునకు దిగును. పైనుండి యెరువు తీసికొని జల్లించి, పురుగులను మరల తొట్టిలో వేయుడు.

ఏది వేయవలెను, ఏది వేయరాదు? కూరగాయల తొక్కలు, అరటి బొప్పాయి తొక్కలు, టీ కాఫీ పిప్పి, గ్రుడ్ల పెంకుల పొడి, పూజలో వాడి వాడిన పూవులు మంచివి. నిమ్మ, బత్తాయి తొక్కలు, చింతపండు పిప్పి పులుపు గనుక కొద్దిగా తప్ప వేయరాదు. ఆవకాయ యూట, ఉప్పు కారములతో కూడిన యెంగిలి కూరలు, నూనె వలదు. ఉప్పు ఆ మెత్తని చర్మమునకు నిప్పు. మన కొల్లేటి సీమలో ముఖ్యముగా చెప్పవలసినది చేపల సంగతి. బొచ్చె, శీలావతి, కొఱమీను తరుగని యిల్లు అచ్చట నుండదు. ఆ పొలుసులను, పేగులను, రొయ్య పొట్టును తొట్టిలో వేసినచో రెండవ నాటికి కంపు, మూడవ నాటికి ఈగలు, నాలుగవ నాటికి పందికొక్కులు. నేనెఱిగిన యొక గృహస్థుని యింట చక్కగా నడచుచున్న తొట్టి ఒక్క పండుగ నాటి రొయ్య పొట్టుతో నశించెను. వానిని కొబ్బరిచెట్టు మొదట మూరెడు లోతున పాతిపెట్టుడు. చెట్టు వానిని సంతోషముగా గ్రహించును.

గుఱ్ఱపుడెక్కను గూర్చి యొక మాట. కొల్లేటిలోను, మన కాలువలలోను ప్రబలిన యీ మొక్కను మేతగా వాడవచ్చునా? వాడవచ్చునని పాండిచ్చేరి విశ్వవిద్యాలయమువారు 2001 ప్రాంతమున చేసిన పరిశోధనలు చూపినవి. పూవు పూయక మునుపే తీసి, తునకలుగా కోసి, ఎండబెట్టి, పేడతో కలిపి రెండు మూడు వారములు మాగవేసిన పిదప వానపాములకు పెట్టవలెను. అయితే ఈ మొక్కకు నీటిలోని సీసము మొదలగు లోహములను పీల్చుకొను గుణము కలదు. పట్టణపు మురుగు, కర్మాగారముల నీరు చేరు చోటి డెక్కను కూరగాయల మడికి వచ్చు ఎరువులో వాడకుడు.

ఇంతవఱకు యూరియా లెక్క, రూకల లెక్క చూచితిమి. ఆ రెంటిలోను తొట్టి యోడిపోయినది. మూడవ లెక్క యొకటి కలదు; నా దృష్టిలో నదియే యసలు లెక్క. ఆ 180 కిలోల తొక్కలు తొట్టిలోనికి పోనిచో ఎచ్చటికి పోవును? ప్లాస్టిక్ సంచిలో కట్టబడి వీధి చివరకు, అచ్చటనుండి మురుగు కాలువకో, పంటకాలువ గట్టునకో పోవును. ఏలూరు ప్రక్కగా పాఱు తమ్మిలేరు కొల్లేటికే పోవును. బుడమేరును కొల్లేటికే పోవును. డెల్టా మురుగు కాలువలు పెక్కు కొల్లేటికే పోవును. ఆ సరస్సునుండి సముద్రమునకు దారి ఉప్పుటేరు మాత్రమే. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో అభయారణ్యపు హద్దులలోని చేపల చెఱువుల గట్లను పగులగొట్టించిరి. ప్రభుత్వములు చేయవలసినవి ప్రభుత్వములు చేయవలెను. కాని మన యింటి చెత్తలోని నత్రజని, భాస్వరము నీటిలో కలిసినచో గుఱ్ఱపుడెక్కకు ఎరువగును. పెరటి వంగమొక్కకు చేరినచో అదే యన్నమగును. చోటు తప్పిన యెరువునకే మాలిన్యమని పేరు. ఒక యిల్లు ఏటికి 180 కిలోలనిన చిన్న మాటగా తోచును. వంద గడపల యూరికి 18 టన్నులు.

ఊరంతయు తొట్లు పెట్టనక్కఱ లేదు. తడి చెత్తను పొడి చెత్తను ఇంటిలోనే వేఱు చేయవలెనని 2016లో కేంద్రప్రభుత్వము నియమములు వెలువరించెను. మన రాష్ట్రమున పల్లెలలో చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రములు నిర్మింపబడి, అందు వానపాముల తొట్లు కట్టబడినవి. కొన్ని యూళ్లలో అవి చక్కగా నడచినవి; కొన్ని యూళ్లలో రేకుల పాక మాత్రము నిలిచినది. నడచినచోట నడిపించినది రేకుల పాక గాదు. చెత్తను వేఱుచేసి యిచ్చిన గృహిణులును, పంచాయతీని అడిగి పనిచేయించిన పెద్దలును. ఇంట తొట్టి నడుపలేనివారు తడి చెత్తను ప్లాస్టిక్ కలియకుండ ఆ కేంద్రమునకు ఇచ్చినను పుణ్యము సమానమే. మీ యూరి కేంద్రము ఊరకయున్నదా? ఎందుకట్లున్నదని గ్రామసభలో నడుగుట పెద్దల ధర్మము.

కావున నా సిద్ధాంతమిది. ఇంట పాడి కలదా, పెరట ఎరువు గొయ్యి కలదా? మీకు తొట్టి యక్కఱ లేదు. తొక్కలు పశువునకు, మిగిలినది గోతికి వేయుడు. ఎకరములకు ఎరువు కావలెనా? పచ్చిరొట్టయు, పశువుల యెరువును చూచుకొనుడు; జీలుగ, జనుము విత్తి పూత దశలో కలియదున్నినచో ఇంటి తొట్టి యేండ్లకొలది ఈయలేనిది ఒక్క కారులో వచ్చును. పాడి లేక, నాలుగు మొక్కలు కలిగి, దినమునకు ఐదు నిమిషములు దానిని చూచు మనిషి యింట నున్నచో తప్పక తొట్టి పెట్టుకొనుడు. పాత గోలెముతో మొదలిడుడు. చూచు మనిషి లేని యింట, నెలకొకమాఱు ఊళ్లకు పోయి తాళము వేయు ఇంట దానిని పెట్టవలదు. అది వస్తువు గాదు, ప్రాణులున్న గూడు. ఆకలికి, ఎండకు వానిని వదలివేయుట పాపము.

మఱియొక విన్నపము. తొట్టిని చూచు పనిని ఇంటిలోని వృద్ధులు తీసికొనినచో బాగుండును. పొలము పనికి శక్తి చాలని వయసున, మనుమల ముందు తొక్క యెరువగుటను, ఎరువు కాయ యగుటను చూపుట కంటె మంచి పాఠము నాకు తోచుట లేదు. మా వాడలో ఇద్దఱు ముగ్గురు పిల్లలు బడినుండి రాగానే గోనె యెత్తి చూచి, పురుగుల గ్రుడ్లు లెక్కపెట్టుచున్నారు. నిమ్మగింజవలె చిన్నవైన ఆ గ్రుడ్లనుండి సన్నని దారములవంటి పిల్లలు వెలువడుట చూచినవాడు వానపామును కాలితో నలుపడు.